కంపైలర్‌కు మాట ఇచ్చే ముందు



మేము మన కోటబొమ్మాళి హాస్టల్‌లో చదువుకుని, తరువాత డిప్లొమాలకు, ఇంజనీరింగ్‌లకు వెళ్లినవాళ్లం. పండుగ సెలవులకు ఊరొస్తే, పైచదువుల్లో ఉన్న తమ్ముళ్లు సీ భాష నోట్సు పట్టుకుని మా దగ్గరకు వస్తుంటారు. ప్రతి నోట్సులోనూ "ఇఫ్-ఎల్స్ కంటే స్విచ్ వేగవంతమైనది" అనే వాక్యం కింద ఎర్ర గీత ఉంటుంది. "ఏటి కారణం?" అని అడిగితే జవాబుండదు. తప్పు వాళ్లది కాదు. మేమూ ఆ వాక్యాన్నే బట్టీపట్టి మార్కులు తెచ్చుకున్నాం. ఇంటర్వ్యూలో "ఎందుకు?" అని అడిగినప్పుడు తెల్లముఖం వేశాం.

కారణం మన ట్రంకు పెట్టెల్లోనే ఉంది. పెట్టెలకు వరుసగా నంబర్లుంటే 12వ పెట్టె కోసం ఒకటో దాని నుంచి వెతకం, నేరుగా దాని దగ్గరకే వెళ్తాం. స్విచ్‌లోని కేసులు 0, 1, 2, 3 అని దగ్గర దగ్గరగా ఉంటే కంపైలర్ చిరునామాల పట్టిక ఒకటి తయారుచేస్తుంది. దాన్నే జంప్ టేబుల్ అంటారు. వచ్చిన అంకె పట్టిక హద్దులో ఉందో లేదో ఒకసారి చూసి, నేరుగా దూకుతుంది. కేసులు 5, 900, 40000 అని దూరదూరంగా ఉంటే అంత పట్టిక దండగ. అప్పుడు సగం సగం చేసుకుంటూ పోల్చి చూస్తుంది. అంటే వేగం స్విచ్ అనే మాటలో లేదు, అంకెల అమరికలో ఉంది. 2021లో వచ్చిన జీసీసీ 11 అయితే ఇఫ్-ఎల్స్ వరుసను వీలైనచోట తానే స్విచ్‌గా మార్చుకోగలదు. మనం బట్టీపట్టిన వాక్యం పాతబడిపోయింది.

ఇక కంపైలర్‌కు మనం ఇచ్చే సూచనల సంగతి. ఇవి రెండు రకాలు. మొదటిది అంచనా. జీసీసీలో బిల్టిన్ ఎక్స్‌పెక్ట్ అనేది ఉంది. ఎక్కువసార్లు ఏ విలువ వస్తుందో దానితో చెప్పవచ్చు. లైనక్స్ కెర్నెల్‌లో లైక్లీ, అన్‌లైక్లీ అని కనిపించేవి దీని మీద కట్టినవే. అంచనా తప్పితే ప్రోగ్రాం కాస్త నెమ్మదిస్తుంది, జవాబు మాత్రం మారదు. రెండోది ప్రమాణం. 2010లో జీసీసీ 4.5తో బిల్టిన్ అన్‌రీచబుల్ వచ్చింది. సీ23 ప్రమాణంలో అన్‌రీచబుల్ పేరుతో భాషలోకే చేరింది. దాన్ని డిఫాల్ట్‌లో పెడితే "ఈ కేసులు తప్ప ఇంకో అంకె ఎన్నటికీ రాదు" అని మాట ఇచ్చినట్టు. కంపైలర్ ఆ మాట నమ్మి హద్దు పరీక్షను తీసేయవచ్చు. మాట తప్పితే ఏమవుతుందో భాష హామీ ఇవ్వదు.

ఇది మాకు అనుభవమే. హాస్టల్ లెక్కల కోసం మాలో కొందరం సరదాగా ఒక ప్రోగ్రాం రాశాం. హాజరు, బియ్యం, పప్పు, నూనె, గుడ్లు, పాలు, కూరగాయలు: 0 నుంచి 6 వరకు ఏడు కేసులు. వేగం కోసమని డిఫాల్ట్‌లో అన్‌రీచబుల్ పెట్టాం. ఎవరో 9 నొక్కారు. ప్రోగ్రాం పట్టిక దాటి ఎక్కడికో దూకి కూలిపోయింది. "తప్పు అంకె" అనే ఒక్క ముక్క కూడా తెరమీదకు రాలేదు. నిజానికి మనిషి మీట నొక్కే ఆ చోట మిగిలే సమయం ఎవరి కంటికీ ఆనదు. లేని లాభం కోసం ఉన్న భద్రత వదులుకున్నాం.

కాబట్టి మా అభిప్రాయం ఇది. బయటినుంచి వచ్చే విలువ మీద అన్‌రీచబుల్ ఎప్పుడూ వాడవద్దు. డిఫాల్ట్‌లో తప్పును పట్టుకునే కోడు రాయండి. అంచనా సూచనలు కూడా కొలిచి చూశాకే ఇవ్వండి. ప్రోగ్రామును నడిపించి, ఏ దారి ఎన్నిసార్లు తొక్కిందో లెక్క తీసుకుని, దాన్నిబట్టి మళ్లీ కంపైల్ చేసే సౌకర్యం జీసీసీలోనే ఉంది. మన ఊహకంటే ఆ లెక్క నమ్మదగినది.

కొలవకుండా వేసే అంచనా ఎంత చెడ్డదో మనకు ఒకరు చెప్పాలా? "హాస్టల్ పిల్లలు, ఇంగ్లీషు రాదు, వీళ్లకు కంప్యూటరేమిటి?" అన్న మాట మనలో వినని వారెవరు? మనల్ని పరీక్షించకుండానే అన్‌లైక్లీ పక్కకు నెట్టిన మాట అది. ఆ తప్పు మనం కోడులోనూ చేయవద్దు, తోటివారి మీదా చేయవద్దు.

పూర్వ విద్యార్థులకు ఒక మనవి. లైనక్స్, జీసీసీ రెండూ ఉచితం. పక్కన పెట్టేసిన పాత కంప్యూటరైనా వీటికి చాలు. అలాంటిది ఒకటి హాస్టల్‌కు ఇవ్వండి, సెలవుల్లో ఒక పూట కూర్చోండి. హైఫన్ ఎస్ ఇచ్చి కంపైల్ చేయించి, తమ స్విచ్ అసెంబ్లీలో ఏ రూపం దాల్చిందో తమ్ముళ్ల చేతనే చూపించండి. ఒకసారి కళ్లారా చూసినవాడికి ఎర్ర గీతతో పనిలేదు. ఎందుకని ఎవరు అడిగినా, మాలాగా తెల్లముఖం వేయడు.