కాపీ అన్నారు... కళ్లకద్దుకుంటున్నారు!

ఒకప్పుడు అమెరికా డిపార్ట్‌మెంట్ స్టోర్లలో పిల్లల కోసం పెట్టిన చవక సరుకు. ఆ తర్వాత ‘మక్కీకి మక్కీ దించేశారు’ అన్న అపవాదు. ఇప్పుడేమో అవే పాత జపాన్ ఎలక్ట్రిక్ గిటార్లు ఎవరింటి అటక మీదయినా దొరికితే సంగీతప్రియులు ఎగిరి గంతేస్తున్నారు. ఏముంది వాటిలో?

కాలిఫోర్నియాలోని పాసడీనాలో ఓ కుర్రాడు ఇంటింటికీ పేపర్లు వేసేవాడు. ఎందుకంటే, తను కొనుక్కున్న డ్రమ్స్ బాకీ తీర్చడానికి! అతడు పేపర్లు వేయడానికి వెళ్లగానే అన్న ఆ డ్రమ్స్ ముందు కూర్చునేవాడు. కొన్నాళ్లకు చూస్తే తమ్ముడికన్నా అన్నే బాగా వాయిస్తున్నాడు. దాంతో తమ్ముడు డ్రమ్స్ అన్నకు వదిలేసి, సియర్స్ దుకాణంలో వంద డాలర్లకు కాస్త అటూఇటూగా పెట్టి ఓ గిటార్ కొనుక్కున్నాడు. నాలుగు పికప్పులున్న ఆ గిటార్ పేరు టెయిస్కో డెల్ రే. తయారైంది జపాన్‌లో. ఆ తమ్ముడే తర్వాత్తర్వాత రాక్ సంగీతాన్ని ఓ ఊపు ఊపిన ఎడ్డీ వాన్ హేలెన్. 2020లో కన్నుమూసిన ఎడ్డీ ఈ కథను స్వయంగా చెప్పుకునేవాడు.

అలాంటి ఎడ్డీలు అప్పట్లో అమెరికాలో వీధికొకరు ఉండేవారు. ఫెండర్, గిబ్సన్ గిటార్లు కొనే స్తోమత లేని ఇళ్లలోకి సంగీతం జపాన్ గిటార్ రూపంలోనే వెళ్లింది.

కుట్టుమిషన్ల నుంచి...

ఎలక్ట్రిక్ గిటార్ సూత్రం చాలా చిన్నది. ఉక్కు తీగ కింద ఓ అయస్కాంతం, దాని చుట్టూ సన్నని రాగితీగ చుట్ట ఉంటాయి. దాన్నే పికప్ అంటారు. తీగ మీటగానే ఆ చుట్టలో విద్యుత్తు పుడుతుంది. దాన్ని యాంప్లిఫయర్ పెద్దది చేసి వినిపిస్తుంది. మన పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ కర్ణాటక సంగీతాన్ని పలికించిన ఎలక్ట్రిక్ మాండలిన్‌లోనూ జరిగేది ఇదే.

ఈ విద్యను జపాన్ వాళ్లు త్వరగానే ఒంటబట్టించుకున్నారు. టెయిస్కో కంపెనీ 1946లో టోక్యోలో పుట్టింది. పెట్టింది ఇద్దరు... ఒకరు గిటార్ వాద్యకారుడు, మరొకరు ఎలక్ట్రికల్ ఇంజినీరు. ఇక నగానో ప్రాంతంలోని మత్సుమోతో పట్టణంలో ఉన్న మత్సుమోకు కంపెనీ కథ మరీ విచిత్రం. అది మొదట్లో సింగర్ కుట్టుమిషన్లకు చెక్క పెట్టెలు చేసేది. చెక్కను నున్నగా కోయడం, అతకడం, పాలిష్ పట్టడం తెలిసిన ఆ చేతులే తర్వాత గిటార్లకు ఒళ్లూ మెడలూ చెక్కాయి. అదే ఊళ్లో 1960లో ఫుజిజెన్ మొదలైంది. హమమత్సులో యమహా, కవాయ్, తోకాయ్ ఉండనే ఉన్నాయి.

ధర ఎందుకంత తక్కువంటే... అప్పట్లో డాలరుకు 360 యెన్లు. 1949 నుంచి 1971 దాకా ఆ లెక్క మారలేదు. పైగా జపాన్‌లో కూలి తక్కువ. చాలా గిటార్లకు వాడింది ప్లైవుడ్. అందుకే ఓడలకు ఓడలు నిండి అమెరికాకు వెళ్లాయి. ఒకే ఫ్యాక్టరీలో తయారైన గిటార్‌కు ఏ దుకాణం అడిగితే ఆ దుకాణం పేరు అంటించేవారు!

బడిలో వద్దన్నారు

జపాన్ కుర్రాళ్లకు గిటార్ పిచ్చి పట్టించింది మాత్రం అమెరికన్లే. 1965లో వెంచర్స్ బృందం అక్కడ కచేరీలు చేసింది. అంతే... ఊరూవాడా ‘ఎలెకి’ మోత. ఎలక్ట్రిక్ గిటార్‌కు వాళ్లు పెట్టుకున్న ముద్దుపేరు అది. అదే ఏడాది యుజో కయామా హీరోగా ‘ఎలెకి నో వకదైషో’ అనే సినిమా కూడా వచ్చింది. పెద్దవాళ్లు బెంబేలెత్తారు. గిటార్ పట్టుకున్నవాడు చెడిపోయినట్టేనని తీర్మానించారు. అషికాగా పట్టణంలో విద్యాశాఖ అధికారులు ఏకంగా విద్యార్థులు ఎలక్ట్రిక్ గిటార్ ముట్టుకోకూడదన్నారు. ఆ సినిమాలోనే నటించిన గిటారిస్ట్ తకేషి తెరవుచి ఆ చెడ్డపేరు పోగొట్టాలని తర్వాతి కాలంలో బడులు తిరిగి మరీ వాయించాడు.

ఆ జోరు ఎంతోకాలం నిలవలేదు. అరవైల చివరికొచ్చేసరికి అమెరికాలో గిరాకీ పడిపోయింది. టెయిస్కోను 1967లో కవాయ్ కొనేసింది. ఎన్నో చిన్న ఫ్యాక్టరీలు మూతపడ్డాయి. నిలబడ్డవాళ్లు వేరే దారి పట్టారు.

కోర్టుకెక్కిన తలకట్టు

ఆ దారి ఏమిటంటే... కాపీ! అప్పటికి అమెరికాలో ఫెండర్ సీబీఎస్ చేతిలోకి వెళ్లింది. గిబ్సన్‌నూ వేరే వ్యాపార సంస్థ తీసుకుంది. కొత్త గిటార్లలో పాత పనితనం లేదని వాద్యకారులు పెదవి విరిచారు. జపాన్ వాళ్లేమో యాభైల నాటి పాత నమూనాలను ముందేసుకుని, స్క్రూ స్క్రూ విప్పి చూసి నేర్చుకున్నారు. ఇబానెజ్, గ్రెకో, తోకాయ్ గిటార్లు ఏడాదికేడాది మెరుగుపడ్డాయి. చివరికి అసలుదానికే చెమటలు పట్టించాయి.

1977 జూన్‌లో గిబ్సన్ యజమాన్య సంస్థ కోర్టుకెక్కింది. ఇబానెజ్ గిటార్ల తల ఆకారం తమదేనన్నది ఫిర్యాదు. తమాషా ఏమిటంటే, అప్పటికే ఇబానెజ్ ఆ ఆకారం మార్చేసింది. మరుసటి ఏడాది ఇద్దరూ రాజీపడ్డారు. ఆ తర్వాత ఇబానెజ్ సొంత డిజైన్లతోనే పేరు తెచ్చుకుంది. యమహా అయితే 1976లోనే ఎస్‌జీ-2000 తెచ్చి కార్లోస్ సాంటానా అంతటివాడి చేతిలో పెట్టింది.

1982లో ఫెండరే జపాన్ కంపెనీలతో చేయి కలిపింది. ‘ఫెండర్ జపాన్’ పేరుతో ఫుజిజెన్‌లో గిటార్లు చేయించింది. ‘జేవీ’ అక్షరాలతో సీరియల్ నంబరు మొదలయ్యే ఆ తొలినాటి గిటార్ల కోసం ఇప్పటికీ వెతుకులాటే. కాపీ కొడుతున్నారన్నవాళ్లే చివరికి పని అప్పగించారన్నమాట!

చేతిలోకి తీసుకుంటే...

అన్ని పాత జపాన్ గిటార్లనూ ఒకే గాటన కట్టకూడదు. డెబ్భైల చివర, ఎనభైల మొదట్లో వచ్చిన మంచి గిటార్లు నేరుగా వేదికెక్కగలవు. అరవైల నాటివి అలా కాదు. కొన్నింటి మెడ లావు, తీగలు ఎత్తు. ట్రెమొలో కడ్డీ ఒక్కసారి నొక్కితే శ్రుతి ఎటో పోతుంది. మీటలు చూస్తే ఇంట్లో స్విచ్‌బోర్డు గుర్తొస్తుంది.

కానీ ఆ నాదం వేరు. ముఖ్యంగా ‘గోల్డ్ ఫాయిల్’ పికప్పులు. పైన బంగారు రంగు రేకు, లోపల చాలావాటిలో రబ్బరు అయస్కాంతం. స్వరం స్పష్టంగానే ఉంటుంది, చివర్న చిన్న గరగర. షికాగో బ్లూస్ గాయకుడు హౌండ్ డాగ్ టేలర్ చవక జపాన్ గిటార్‌తోనే హాళ్లు దద్దరిల్లించాడు. ఆయన పాటలు రికార్డు చేయడానికే 1971లో అలిగేటర్ రికార్డ్స్ అనే సంస్థ పుట్టింది. రై కూడర్ తన ఫెండర్ గిటార్‌లో టెయిస్కో పికప్ పెట్టించుకున్నాడు. 2023లో ఫెండర్ తన కొత్త గిటార్లకు గోల్డ్ ఫాయిల్ పికప్పులు పెట్టి మరీ అమ్మింది. ఎవరు ఎవర్ని కాపీ కొడుతున్నట్టు?

కొనేముందు...

‘లాసూట్ గిటార్’ అని ఊరిస్తే తొందరపడొద్దు. ఆ దావా పడింది ఇబానెజ్ మీదే. అమ్మేవాళ్లు మాత్రం డెబ్భైల నాటి ప్రతి కాపీకీ ఆ పేరు తగిలించి ధర పెంచుతుంటారు.

మెడను పక్కనుంచి ఓ కన్ను మూసి చూడాలి. వెనక పలక మీద ‘స్టీల్ రీఇన్‌ఫోర్స్‌డ్ నెక్’ అని ఉంటే లోపల ఉక్కు కడ్డీ ఉన్నట్టు. అది సరిచేసే వీలున్న కడ్డీయో కాదో అడిగి తెలుసుకోవాలి. వీల్లేనిదైతే, వంగిన మెడను దారికి తేవడం ఖరీదైన పని.

ప్రతి పికప్‌నూ విడివిడిగా వినాలి. ఇబానెజ్ అయితే వయసు తేలిగ్గా చెప్పొచ్చు. 1975 నుంచి ఎనభైల మధ్య దాకా నంబరులో మొదటి అక్షరం నెల, తర్వాతి రెండంకెలు సంవత్సరం. ‘బీ77’ అంటే 1977 ఫిబ్రవరి.

అద్దాల బీరువాలో పెట్టాలా?

దొరికింది సరే, ఏం చేయాలన్నదే అసలు చిక్కు. భాగాలు మారిస్తే సేకర్తల దృష్టిలో విలువ పడిపోతుంది. మార్చకపోతే ఒక్కోసారి వాయించడమే కుదరదు. పైగా మత్సుమోకు 1987లోనే మూతపడింది. ఆ గిటార్ల విడి భాగాలు కావాలంటే చాలాసార్లు పాడైన మరో గిటార్‌ను విప్పాల్సిందే. అంటే ఒకటి బతకాలంటే ఇంకొకటి పోవాలి!

అనుభవజ్ఞులు పాటించే మధ్యేమార్గం ఒకటుంది. తిరిగి యథాస్థితికి తేగలిగిన మార్పులే చేయడం. కొత్త రంధ్రం వేయకుండా, పైపూత గీకకుండా సరిపోయే భాగం బిగించి, తీసిన పాతదాన్ని స్క్రూతో సహా చిన్న డబ్బాలో దాచడం. గిటార్ ఎవరి చేతికి వెళ్తే ఆ డబ్బా కూడా వాళ్లకే.

ఇక వాయించకుండా దాస్తే మేలు జరుగుతుందనుకోవడం అపోహ. కదలిక లేక స్విచ్‌లకు, వాల్యూమ్ నాబ్‌లకు చిలుము పడుతుంది. తిప్పగానే కరకరమంటాయి. చాలాసార్లు కాస్త క్లీనర్ కొట్టి నాలుగుసార్లు అటూఇటూ తిప్పితే గొంతు సవరించుకుంటాయి. పదిమంది పిల్లల చేతుల్లో నలగడానికి తయారైన గిటార్ అది. చేసిన ఫ్యాక్టరీ లేదు, పేరు అంటించి అమ్మిన దుకాణమూ చాలాసార్లు లేదు. దాన్ని వాయించే చేతులు మాత్రం ఇంకా ఉన్నాయి. అందుకే కొన్నవాళ్లు రోజుకో పావుగంటయినా మీటితే మంచిది. ఇరుగుపొరుగుకు అభ్యంతరం లేకపోతే యాంప్లిఫయర్ పెట్టి మరీ!