మత్తుకు ముందు ఇచ్చే మందు

నాలుగేళ్ల పిల్లవాణ్ణి ఆపరేషన్ థియేటర్ తలుపు దగ్గర నర్సు చేతికి అందించే క్షణం ఎలా ఉంటుందో అందించిన తల్లికే తెలుస్తుంది. పోయిన ఏడాది మా చిన్నవాడికి హెర్నియా ఆపరేషన్ అయింది. మా ఊళ్లోనే ఓ నర్సింగ్ హోమ్. పొద్దున్నే పరగడుపున తీసుకురమ్మన్నారు. ఎనిమిదిన్నరకి నర్సమ్మ చిన్న గ్లాసులో మందు తెచ్చి "తాగించండమ్మా, ఏడవకుండా వెళ్తాడు" అంది. ఏం మందని అడిగితే "మత్తుకి ముందిచ్చేదే" అంటూ వెళ్లిపోయింది. తేనె కలిపారు గానీ చేదు దాగలేదు. సగం మింగాడు, సగం నా చీర మీద ఊశాడు.

ఇరవై నిమిషాలకి వాడి ముఖంలోకి ఓ వింత నవ్వు వచ్చింది. మాట ముద్దగా అయింది. నా భుజం మీద వాలిపోయాడు. హమ్మయ్య అనుకున్నాను. కానీ లోపల ముందు కేసు ఆలస్యమైంది. తొమ్మిదిన్నర అయింది, పది దాటింది. పదింబావుకి పిలుపు వచ్చేసరికి మందు దిగిపోయింది. ఆకలి, నిద్ర, భయం మూడూ కలిసి వాడు ఏడ్చిన ఏడుపు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. నా మెడ పట్టుకుని వదల్లేదు. ఇద్దరు కలిసి విడదీసి తీసుకెళ్లారు.

ఆపరేషన్ చక్కగా జరిగింది, ఆ విషయంలో వంక పెట్టడానికి లేదు. కానీ ఇంటికొచ్చాక మూడు వారాలు రాత్రిళ్లు ఉలిక్కిపడి లేచేవాడు. ఎప్పుడో మానేసిన పక్క తడపడం మళ్లీ మొదలైంది. అత్తయ్య దిష్టి తీసింది. నేను మాత్రం దీని సంగతేమిటో తెలుసుకుందామని కూర్చున్నాను.

మావాడొక్కడికే కాదట. అమెరికాలో జీవ్ కేన్ అనే మత్తు డాక్టరు, ఆయన సహచరులు 1996లో ప్రచురించిన అధ్యయనంలో ఆపరేషన్ అయిన రెండు వారాలకి 54 శాతం పిల్లల్లో ఇలాంటి మార్పులు కనిపించాయి. పీడకలలు, అమ్మ కొంగు వదలకపోవడం, తిండి మానేయడం... ఇలాంటివే. ఆరు నెలల తర్వాత కూడా 20 శాతం మందిలో మిగిలే ఉన్నాయి. లోపలికి వెళ్లేటప్పుడు బాగా భయపడిన పిల్లల్లో ఇవి ఎక్కువ. అంటే ఆ చిన్న గ్లాసులో మందు కేవలం ఏడుపు మాన్పించడానికి కాదన్నమాట. అయితే ఆ గ్లాసులో ఏముంది, ఎప్పుడిచ్చారు అన్నది మనకెందుకు చెప్పరు?

మావాడికిచ్చింది మిడజోలామ్ అని డిశ్చార్జి కాగితం చూశాక తెలిసింది. ప్రపంచంలో చాలాచోట్ల పిల్లలకు ఎక్కువగా వాడేది ఇదే. అమెరికాలో దీన్ని పిల్లల సిరప్‌గా 1998లో అనుమతించారు. మామూలుగా పిల్లల బరువులో కిలోకి అర మిల్లీగ్రాము లెక్కన ఇస్తారు. మన దగ్గర చాలాచోట్ల ఇంజెక్షన్ మందునే తేనెలోనో తియ్యటి సిరప్‌లోనో కలిపి తాగిస్తారు. ఇరవై, ముప్పై నిమిషాల్లో బాగా పనిచేస్తుంది, ముప్పావుగంట దాటితే తగ్గుముఖం పడుతుంది. మా చిన్నవాడి కథంతా ఈ ఒక్క వాక్యంలో ఉంది. థియేటర్ ఖాళీ అవుతుందని రూఢిగా తెలియకుండా మందు తాగించేశారు!

దీని గొప్పతనం ఏమిటంటే, ఆ అరగంటలో జరిగింది పిల్లలకు పెద్దగా గుర్తుండదు. మోతాదు ఎక్కువైతే విరుగుడు మందు కూడా ఉంది. చిక్కులూ లేకపోలేదు. కొందరు పిల్లలు నెమ్మదించే బదులు తాగినవాళ్లలా గొడవ చేస్తారు. ఇంకోటి, మనం చెప్పకపోతే డాక్టరుకు తెలియనిది: గొంతు నొప్పికని ఎరిత్రోమైసిన్, క్లారిత్రోమైసిన్ లాంటి యాంటీబయాటిక్స్ వాడుతుంటే ఈ మందు ప్రభావం పెరిగిపోతుంది. ఫిట్స్‌కి ఫెనిటాయిన్, కార్బమజెపిన్ వాడే పిల్లల్లో తగ్గిపోతుంది. టాన్సిల్స్ ఆపరేషన్‌కి వెళ్లే పిల్లల్లో ఎంతమంది అప్పటికే యాంటీబయాటిక్స్ మీద ఉంటారో చెప్పక్కర్లేదు కదా.

మనకు బాగా అలవాటైన రెండో మందు ట్రైక్లోఫాస్. పేరు కొత్తగా అనిపించినా, పిల్లలకు ఎకో తీయాలన్నా, వినికిడి పరీక్ష చేయాలన్నా నిద్రపుచ్చడానికి ఇచ్చే సిరప్ చాలావరకు ఇదే. 2007లో ఆరోగ్యశ్రీ మొదలయ్యాక పేదింటి పిల్లలకు కూడా గుండె ఆపరేషన్లు, పుట్టుకతో వినపడని వాళ్లకు కాక్లియర్ ఇంప్లాంట్లు అందుబాటులోకి వచ్చాయి. ఆ పరీక్షల కోసం ఈ సిరప్ తాగించిన తల్లులు మన చుట్టూ చాలామందే ఉంటారు. ఇది ఒంట్లోకి వెళ్లాక ఏ పదార్థంగా మారుతుందో, క్లోరల్ హైడ్రేట్ కూడా అదే పదార్థంగా మారుతుంది. క్లోరల్ హైడ్రేట్ అంటే తెలంగాణలో కల్తీ కల్లు వార్తలు చదివేవాళ్లకు కొత్త మాట కాదు. అదే. 1869 నుంచి నిద్రమందుగా వాడుకలో ఉంది. అమెరికాలో దాని సిరప్ తయారీని 2012లో కంపెనీలు ఆపేశాయి.

నేను ట్రైక్లోఫాస్‌ని విషం అనడం లేదు. కదలకుండా పడుకోవాల్సిన పరీక్షకి అది బాగానే పనికొస్తుంది. చేదూ తక్కువే. కానీ ఒంట్లో సగం కరగడానికే ఎనిమిది గంటల పైన పడుతుంది. దీనికి విరుగుడూ లేదు. ఇప్పుడు చిన్న ఆపరేషన్లన్నీ పొద్దున చేసి సాయంత్రానికి ఇంటికి పంపేస్తున్నారు. అలాంటప్పుడు రాత్రంతా మగత వదలని మందు కన్నా త్వరగా దిగిపోయేది నయం కాదూ?

ఫెనర్గాన్ సంగతి కూడా చెప్పుకోవాలి. బస్సు ప్రయాణానికి ముందు ఓ చెంచా పోసి పిల్లల్ని పడుకోబెట్టే అలవాటు మన ఇళ్లలో ఉన్నదే. రెండేళ్లలోపు పిల్లలకు ఇది ఇవ్వకూడదనీ, ఊపిరి ఆగే ప్రమాదముందనీ అమెరికా మందుల సంస్థ 2004లో సీసా మీదే హెచ్చరిక వేయించింది. కెటమిన్‌ని కూడా నోటిద్వారా ఇస్తారు. నొప్పి తగ్గిస్తుంది గానీ నోట్లో చొంగ, వాంతులు, లేచేటప్పుడు పిచ్చి కలలు.

ఈ మధ్య మత్తు డాక్టర్లు ఎక్కువగా మాట్లాడుకుంటున్నది ఇంకో జాతి మందుల గురించి. క్లోనిడిన్ అసలు బీపీ మందు. పిల్లలకు తాగిస్తే నెమ్మదిగా మామూలు నిద్రలాంటి నిద్ర వస్తుంది, లేచేటప్పుడు గోల తక్కువ. కానీ పనిచేయడానికి గంట పైనే పడుతుంది. దాని దగ్గరి చుట్టం డెక్స్‌మెడిటోమిడిన్. కడుపులోకి వెళ్తే ఒంటికి పట్టేది తక్కువ, అందుకని ముక్కులో చుక్కలుగా వేస్తారు. మిడజోలామ్‌ని ముక్కులో వేస్తే భగ్గున మండుతుంది, ఇది మండదు. చేదు గొడవే లేదు. అరగంట, ముప్పావుగంట ఆగాలి. గుండె వేగాన్ని తగ్గిస్తుంది కాబట్టి కొన్ని గుండె జబ్బులున్న పిల్లలకు జాగ్రత్త. ఇంకో తమాషా, హాయిగా నిద్రపోతున్న పిల్లవాడు స్ట్రెచర్ కదపగానే కళ్లు తెరిచి "అమ్మా" అనొచ్చు. బ్రిటన్‌లో మెలటోనిన్‌ని కూడా మిడజోలామ్‌తో పోల్చి చూశారు. అనుకున్నంతమంది పిల్లలు చేరక మధ్యలోనే ఆపేసినా, భయం తగ్గించడంలో మిడజోలామే మెరుగని 2024లో అచ్చయిన ఫలితాల్లో తేలింది.

మందు ఏదైనా దాన్ని ఎక్కడ ఇస్తున్నారన్నది అంతకన్నా పెద్ద విషయం. "ఇంటి దగ్గరే తాగించి తీసుకురండి, వచ్చేసరికి పడుకుంటుంది" అని చెప్పే చోట్లు ఇప్పటికీ ఉన్నాయి. పరీక్ష త్వరగా అయిపోతుందని మనమూ సంబరపడతాం. ఆటోలో ఒళ్లో పడుకున్న పిల్ల తల ముందుకు వాలి ఊపిరి అడ్డుపడితే గమనించేదెవరు? 2000లో అమెరికాలో చార్లెస్ కోటే అనే డాక్టరు బృందం పిల్లలకు మత్తుమందుల వల్ల జరిగిన 95 ప్రమాదాలను పరిశీలించింది. వాటిలో 51 మంది పిల్లలు చనిపోయారు, 9 మందికి శాశ్వతంగా నష్టం జరిగింది. కొన్ని ప్రమాదాలు ఇంట్లో మందు పట్టి ఆస్పత్రికి తీసుకెళ్లే దారిలోనే జరిగాయి, కొన్ని ఆస్పత్రి నుంచి తిరిగొచ్చాక. మందు పట్టాక పిల్లవాడి వేలికి ఆక్సిజన్ చూసే క్లిప్పు ఉండాలి, పక్కన చూసే మనిషి ఉండాలి. పడుకోలేదని తల్లి ఇంట్లో ఇంకో రెండు చెంచాలు పోయడం మరీ ప్రమాదం. ఊసేసినా అంతే. ఎంత లోపలికి పోయిందో మనకు తెలియదు. ఆ రోజు మా నర్సమ్మ మళ్లీ పట్టలేదు. ఆ ఒక్క విషయంలో ఆవిడకు దణ్ణం పెట్టాలి.

గురకపెట్టే పిల్లల విషయంలో ఇంకా జాగ్రత్త. టాన్సిల్స్, ఎడినాయిడ్స్ పెద్దవై నిద్రలో ఊపిరి ఆగి ఆగి తీసే పిల్లలకు ఈ మందులతో ఊపిరితిత్తులకు దారి ఇంకా మూసుకుపోవచ్చు. అలాంటివాళ్లకు తగ్గించడమో, మానేయడమో చేస్తారు. "మా పిల్ల గురక పెడుతుంది" అన్న ముక్క తల్లి చెప్పాల్సిందే.

మరి మందే లేకుండా, అమ్మే లోపలికి వెళ్తే? నాకూ ముందు ఇదే తోచింది. కేన్ బృందం 1998లో దాన్నీ పరీక్షించింది. అమ్మో నాన్నో పక్కనున్న పిల్లల కన్నా మిడజోలామ్ తాగిన పిల్లలే తక్కువ భయపడ్డారు. చదివి కాస్త చిన్నబుచ్చుకున్నాను గానీ, నిజం చెప్పాలంటే ఆ రోజు నేను లోపలికెళ్లి ఉంటే వాడికన్నా ముందు నేనే ఏడ్చేదాన్ని. కానీ కథ అక్కడ ఆగలేదు. 2007లో వాళ్లే తల్లిదండ్రులకు ముందే వీడియో చూపించి, ముఖానికి పెట్టే మాస్క్ ఇంటికిచ్చి ఆటలా అలవాటు చేయించి, ఏం మాట్లాడాలో నేర్పి పంపారు. ఆ పిల్లలు మత్తు ఇచ్చేటప్పుడు మిడజోలామ్ పిల్లలంత నెమ్మదిగానే ఉన్నారు, ఇంటికి కూడా త్వరగా వెళ్లారు. మన దగ్గర మాస్క్ ఇంటికిచ్చే ఆస్పత్రి ఎక్కడుందో గానీ, ఆపరేషన్‌కు ముందురోజు మత్తు డాక్టరు పది నిమిషాలు తల్లితో మాట్లాడితే అందులో సగం పని అయిపోతుంది. మావాడి విషయంలో మత్తు డాక్టరుని నేను చూసింది బిల్లు మీద పేరుగానే.

పోయిన వారం మా ఆడపడుచు కాకినాడ నుంచి ఫోన్ చేసింది. ఆరేళ్ల కూతురికి టాన్సిల్స్ ఆపరేషన్. "ఏమేం చీరలు సర్దుకోవాలి వదినా?" అని మొదలుపెట్టింది. చీరల సంగతి తర్వాత, ముందు కాగితం తీసుకో అన్నాను. ఆ రోజు పొద్దున తూచిన బరువు. వాడుతున్న మందులన్నీ, ఆయుర్వేదంతో సహా. గురక. ముందిచ్చే మందు పేరేమిటి, థియేటర్ పిలిచేదెప్పుడు, ఆలస్యమైతే ఏం చేస్తారు. ఆపరేషన్‌కు ఆరు గంటల ముందు నుంచి పాలు, బిస్కెట్లు లేవు, మంచినీళ్లు రెండు గంటల ముందు వరకు, అది కూడా వాళ్లను అడిగి. అత్తయ్య జాలిపడి రస్కు ముక్క పెట్టకుండా చూసుకోమన్నాను.

"ఇన్ని అడిగితే డాక్టరుగారు విసుక్కోరూ?" అంది.

"విసుక్కుంటే విసుక్కోనీ" అన్నాను. ఆపరేషన్ వచ్చే గురువారం. కాగితం రాసుకుని ఫ్రిజ్ మీద పెట్టుకుందట.