అర్జీలు చదువువారు కావలెను



గ్రాంటు సొమ్మనగా సర్కారువారి సొమ్మని మన పల్లెలలో వాడుక. అది సరికాదు. మనము కొను డీజిలుమీదను, సబ్బుమీదను, చొక్కాగుడ్డమీదను చెల్లించు పన్నులే రాశియై మరల సహాయరూపమున దిగివచ్చుచున్నవి. మన ఒంటిమిట్ట కోదండరామాలయము జీర్ణించియుండగా వావిలికొలను సుబ్బారావుగారు టెంకాయచిప్ప చేతబట్టి యాచించి దాని నుద్ధరించిరి. ఆ చిప్పలో కాసు వేసినవానికి ఆ కాసేమైనదని యడుగు హక్కు కలదు గదా! గ్రాంటు విషయమునను మనకట్టి హక్కే కలదు. హక్కున్నచోట బాధ్యతయు నుండును. వచ్చిన అర్జీలను జీతము కోరక కూర్చుండి చదువుటయే ఆ బాధ్యత.

చదువువారు లేనిచోట దళారి ప్రవేశించును. కాగితము చక్కగ వ్రాయించుకొన్నవానికి మంజూరగును. వ్రాయించుకొనలేని కౌలుదారు వెనుకబడును. 2019 నాటి చట్టము క్రింద సాగుహక్కు పత్రము పొందుటకు భూమి యజమాని ఒప్పుదల కావలసివచ్చెను. అది దొరకనివాడు పైరు పెట్టియు కాగితములో రైతు కాకపోయెను. అక్షరములు బాగుండుట వేరు, అక్కర యుండుట వేరు. ఈ భేదమును కనిపెట్టుటకు పొలము నెరిగిన మనిషి కావలెను.

ఈ చిక్కు మన దేశమునకే పరిమితము కాదు. అమెరికాలో బీదలకు పన్నులెక్కలు ఉచితముగ వ్రాసిపెట్టు స్వచ్ఛందసేవ 1969లో ఆరంభమైనది. పన్నుల తగాదాలలో పేదలకు తోడ్పడు సంస్థలకు 1998 నాటి చట్టము గ్రాంట్లు కల్పించెను. సంస్థ అడిగిన ప్రతి డాలరునకు తానును ఒక డాలరు కూర్చవలెను. అర్జీలలో చూడవలసినదేమో ఆ చట్టమే చెప్పుచున్నది: ఎందరికి మేలు కలుగును? వారిలో ఇంగ్లీషు మాతృభాష కానివారెందరు? ఆ ప్రాంతముననే ఇట్టి సంస్థ మరియొకటి కలదా? నిర్వాహకుల పూర్వపు పని యెట్టిది? వేరొకచోట డబ్బు దొరకునా? ఈ ప్రశ్నలలో ఒక్కటియు దస్తూరిని గూర్చినది కాదని గమనింపుడు.

ఇట్టి పని మనకును క్రొత్తది కాదు. 1904 నాటి సహకార చట్టము క్రింద ఏర్పడిన గ్రామసంఘములలో పంచాయతుదారులు జీతము లేకయే అప్పు దరఖాస్తులు పరిశీలించిరి. 2005 నాటి ఉపాధి హామీ చట్టము 17వ విభాగము సామాజిక తనిఖీని గ్రామసభ కప్పగించెను. ఆ పథకము 2006 ఫిబ్రవరి 2వ తేదీన అనంతపురము జిల్లా బండ్లపల్లెలో ఆరంభమైనది. పిమ్మట మన రాష్ట్రమున కూలివారి కుటుంబములలోని చదువుకొన్న పడుచువారు శిక్షణ పొంది, మస్టరు రోళ్లు పట్టుకొని ఇల్లిల్లు తిరిగి, పేరున్నవాడు పని చేసెనా, కూలి ముట్టెనా యని విచారించి, తేలినదానిని సభలో చదివి వినిపించిరి. కూలివాని బిడ్డ చేసిన పనిని సంఘసభ్యుడు చేయలేడా?

"ఊరిలో విరోధము మనకెందుకు?" అని కొందరందురు. విరోధము పుట్టునది రహస్యము వలన. కారణము నలుగురిలో చెప్పిన నిరాకరణకు కోపము కొంతకాలమే. కారణము చెప్పని నిరాకరణకు పగ తరతరములు. కావున కొన్ని కట్టుబాట్లు చేసికొందము. బంధువుల అర్జీ వచ్చినప్పుడు లేచిపోవలెను. డ్రిప్పు కోరినవాని బోరులో నీరున్నదా యని పోయి చూడవలెను. మునుపటి సహాయముతో చేసిన పని నిలిచియున్నదా యని విచారింపవలెను. త్రోసివేసిన ప్రతి అర్జీకిని కారణము తేటతెనుగున వ్రాసి సభలో చదువవలెను. వ్రాయలేనివాని మాట వినియే వ్రాసికొనవలెను. మంజూరు అధికారము కచేరిదే. చూచి అభిప్రాయము వ్రాసియిచ్చుట మాత్రమే మన పని.

వేరుశనగకాయ ఇల్లు చేరిన పిదప మనకు కొంత తీరిక చిక్కును. అందులో నెలకు రెండు దినములు చాలును. చదువెరిగిన సభ్యులు, విశేషించి స్త్రీలు, రాబోవు మహాజనసభలో తమ పేర్లు నమోదు చేయింతురుగాక. మనము చదువని అర్జీని వేరొకడు చదువును. వాని కన్ను మన పొలముమీద నుండదు.