వెనెజులా మునిగింది అన్నం పెట్టినందుకు కాదు

ఎన్నికలు దగ్గరపడితే చాలు, మాలాంటి వాళ్ళకు వినక తప్పని మాట ఒకటుంది. "ఇట్లా పంచుకుంటూ పోతే మనదీ వెనెజులా అయిపోతుంది." టీ కొట్టు దగ్గర అంటారు, బస్సులో అంటారు, ఆఫీసులో పక్క సీటాయన అంటాడు. ఆయన చెప్పే ఖర్చుల జాబితాలో మన హాస్టళ్ళు తప్పకుండా ఉంటాయి. ప్రభుత్వ బియ్యం తిని, ప్రభుత్వ దుప్పటి కప్పుకుని, ట్రంకు పెట్టె మీద పుస్తకం పెట్టుకుని చదువుకున్న మాకు ఆ మాట ముల్లులా గుచ్చుకుంటుంది. మన సీనియర్లలో కొందరిది మరో వాదన. అక్కడ అంతా బాగానే ఉండేదట, అమెరికా వచ్చి పాడుచేసిందట. రెండూ సగం చదివి చెప్పే మాటలేనని మా అభిప్రాయం. అందుకే ఈ వార్షికోత్సవ సంచికకు కవిత అడిగినా వ్యాసమే ఇస్తున్నాం. అక్కడక్కడా లెక్కలుంటాయి, మిత్రులు ఓపిక పట్టాలి.

దక్షిణ అమెరికా ఉత్తరపు అంచున ఉన్న వెనెజులాలో ప్రపంచంలో మరెక్కడా లేనంత చమురు నిల్వలున్నాయి. ఆ చమురు కథ సోషలిస్టులతో మొదలు కాలేదు. అంతకు ముందరి ప్రభుత్వాలూ దాని మీదనే బతికాయి. ధర పడిపోగానే 1983లో కరెన్సీ కూలింది. 1989లో బస్సు చార్జీలు పెరిగాయని రాజధాని కారకస్‌లో జనం వీధుల్లోకి వస్తే కాల్పుల్లో వందల మంది చనిపోయారు. చమురు దేశాల సంఘం ఒపెక్‌ను స్థాపించిన వారిలో ఒకరైన పెరెజ్ అల్ఫోన్సో వెనెజులా వాడే. ఆయనే తరువాత చమురును దయ్యపు పెంట అని తిట్టాడు. ఇంట్లో మనిషి కాబట్టి వాసన ముందే పట్టినట్టున్నాడు.

ఆ కోపంలోంచే 1998 ఎన్నికల్లో హ్యూగో చావెజ్ గెలిచాడు. అప్పుడు పీపా చమురు ధర 10 డాలర్ల దగ్గర ఉంది. 2008 జూలైలో అంతర్జాతీయ ధర 140 డాలర్లు దాటింది. ఆ డబ్బుతో మురికివాడల్లోకి క్యూబా డాక్టర్లు వచ్చారు, పెద్దవాళ్ళకు అక్షరాలు నేర్పారు, చౌక దుకాణాలు తెరిచారు. జనాభాలో సగానికి అటూ ఇటూగా ఉన్న పేదరికం 2012 నాటికి మూడో వంతు కంటే కిందికి దిగింది. ఇది అబద్ధం కాదు. మన అమ్మానాన్నలు అక్కడ ఉంటే వాళ్ళూ చావెజ్‌కే ఓటు వేసేవాళ్ళు, అందులో మాకు అనుమానం లేదు.

మరి ఎక్కడ చెడింది?

మొదటి సంగతి జీతగాడి ఇంట్లో అందరికీ తెలిసిందే. ఓవర్‌టైం డబ్బు వచ్చిన ఏడాది దాన్నే జీతం అనుకుని అప్పు చేయకూడదు. ధర బాగున్నప్పుడు దాచి, లేనప్పుడు తీసుకోవడానికి 1998లోనే అక్కడ ఒక నిధి పెట్టారు. చావెజ్ ప్రభుత్వం దాన్ని దాదాపు ఖాళీ చేసింది. 2005లో మరో నిధి పెట్టారు గానీ అది దాచడానికి కాదు, బడ్జెట్‌లో చూపకుండా ఖర్చు చేయడానికి. పీపా 100 డాలర్లు పలికిన రోజుల్లోనూ ఆ దేశం అప్పులు చేస్తూనే ఉంది. 2014లో ధర పడటం మొదలై 2016 జనవరికి 30 డాలర్ల కిందికి వచ్చేసరికి చేతిలో ఏమీ లేదు.

రెండో సంగతి ధరల కట్టడి. దీని మీద కాస్త ఎక్కువ రాయాలి. ఎందుకంటే మనకు వినగానే ముచ్చటేసేది ఇదే. 2003లో ప్రభుత్వం నిత్యావసరాల ధరలు కట్టడి చేసింది, డాలరు రేటునూ కట్టేసింది. మన ఊళ్ళలో రేషన్ కిరోసిన్ ఉండేది, గుర్తుందా? నీలంరంగుది. షాపులో చౌక, బయట ప్రియం. "స్టాకు లేదు" అని బోర్డు పెట్టిన రోజునే డీలరు పీపాలు రాత్రికి రాత్రి లారీల వాళ్ళకు చేరేవి. డీలరు చెడ్డవాడనే అనుకున్నాం అప్పుడు. కానీ రెండు ధరల మధ్య అంత తేడా పెట్టి తాళం ఒకడి చేతికిస్తే చాలామంది అలాగే తయారవుతారని ఇప్పుడనిపిస్తుంది. వెనెజులాలో దేశమంతా ఆ రేషన్ షాపే. దాదాపు 20 ఏళ్ళు, 2016 దాకా, పెట్రోలు ధర పెంచలేదు. ట్యాంకు నింపడానికయ్యే ఖర్చు మంచినీళ్ళ సీసా కన్నా తక్కువ. ఆ పెట్రోలు సరిహద్దు దాటి కొలంబియాకు పారింది.

డాలరుది ఇంకా పెద్ద కథ. 2013 నుంచి అధికారిక రేటు 6.30 బొలివర్లు. 2015లో నల్లబజారులో అదే డాలరు వందల బొలివర్లు పలికింది. మందులు దిగుమతి చేస్తామని, పాలపొడి తెస్తామని కాగితం రాసిచ్చి చౌక డాలర్లు తీసుకున్నవాడికి సరుకు తేవడం ఎందుకు? ఆ డాలరునే బయట అమ్మితే పోలా! డొల్ల కంపెనీలు ఇలా డాలర్లు ఎత్తుకుపోయాయని 2013లో ప్రభుత్వంలోని వాళ్ళే ఒప్పుకున్నారు. మరో పక్క మొక్కజొన్న పిండికి పెట్టిన ధర పండించే ఖర్చుకు కూడా చాలనప్పుడు మిల్లు ఎవరు నడుపుతారు? వాళ్ళ రోజువారీ రొట్టె అరెపా. దాని పిండి కోసమే జనం తెల్లవారుజామున వరస కట్టారు.

మూడోది, మా దృష్టిలో అన్నిటికన్నా పెద్దది. లెక్క అడిగేవాళ్ళు లేకుండా పోయారు. ప్రభుత్వ చమురు సంస్థ ఉద్యోగులు 2002 డిసెంబరులో సమ్మెకు దిగారు. అది చావెజ్‌ను దింపడానికి చేసిన రాజకీయ సమ్మే, కాదనం. అదే ఏడాది ఏప్రిల్‌లో సైనిక కుట్ర కూడా జరిగింది. కానీ సమ్మె తరువాత సుమారు 18 వేల మందిని తీసేశారు. బావుల సంగతి తెలిసిన ఇంజనీర్లు పోయారు, ఖాళీల్లో విధేయులు నిండారు. 1998లో రోజుకు 30 లక్షల పీపాలకు పైగా తీసిన దేశం 2020లో 5 లక్షల లోపుకు పడిపోయింది. రైతులకు విత్తనాలు, ఎరువులు, అప్పు ఇచ్చే అగ్రోయిస్లెన్యా కంపెనీని 2010లో జాతీయం చేశాక రైతులు విత్తనాల కోసమే వెతుక్కోవాల్సి వచ్చింది. అదే 2010లో ప్యుయెర్తో కాబెయో రేవులో కంటైనర్లు తెరిస్తే వేలాది టన్నుల ఆహారం కుళ్ళి కంపు కొడుతోంది. పేదల కోసం ప్రభుత్వమే కొని తెప్పించిన ఆహారం అది. చౌక దుకాణం దాకా రాలేదు, అడిగినవాడు లేడు. పురుగులు తేలిన పప్పు నీళ్ళు తిన్నవాళ్ళం, ఆ కంటైనర్ల సంగతి చదివితే మాకు కడుపులో దేవినట్టయింది.

ఆదాయం లేదు, ఖర్చు ఆగదు. చావెజ్ 2013 మార్చిలో చనిపోయాక వచ్చిన మదురో ప్రభుత్వం నోట్లు అచ్చేయించుకుంది. 2018లో ద్రవ్యోల్బణం 1,30,060 శాతమని వాళ్ళ కేంద్ర బ్యాంకే ప్రకటించింది. 2008లో 3, 2018లో 5, 2021లో 6, మొత్తం 14 సున్నాలు కరెన్సీ మీంచి కొట్టేశారు. 2017లో మనుషులు సగటున 11 కిలోలు తగ్గారని అక్కడి విశ్వవిద్యాలయాల సర్వే చెప్పింది. 70 లక్షల మందికి పైగా దేశం వదిలారు.

అమెరికా ఆంక్షల మాటేమిటని సీనియర్లు అడుగుతారు. ఆర్థిక ఆంక్షలు 2017 ఆగస్టులో, చమురు సంస్థ మీద ఆంక్షలు 2019 జనవరిలో వచ్చాయి. పడిపోయిన మనిషిని అవి తొక్కాయి, దానికి మేం అమెరికాను క్షమించం. కానీ వరసలు, కొరతలు, ఖాళీ ఆసుపత్రులు 2016 నాటికే ఉన్నాయి. తేదీలు తారుమారు చేసి వాదన గెలవలేం.

పక్క సీటాయనకూ ఒక మాట. అదే ఖండంలో బొలీవియాలో 2006లో సోషలిస్టు ప్రభుత్వమే వచ్చింది. అదీ పేదలకు పంచింది, గ్యాసు డబ్బుతోనే. అయినా మొదటి పదేళ్ళు ధరలు అదుపులో ఉంచి విదేశీ నిల్వలు పెంచుకుంది. గ్యాసు తగ్గినా పాత ధరలనే పట్టుకు వేలాడి 2023 నుంచి అదీ డాలర్ల కరువులో పడింది. పేదల కంచంలో పెట్టడం రెండు చోట్లా ఉంది. ఒకచోట లెక్క ఉన్నన్నాళ్ళు నిలబడింది.

డైట్ చార్జీలు పెంచాలని ఈ ఏడాది కూడా పూర్వ విద్యార్థులం వినతిపత్రం ఇస్తాం. అందులో ఇంకో వాక్యం చేర్చాలని మా ప్రతిపాదన. బియ్యం, పప్పు, నూనె ఎంత వచ్చాయి, ఎంత వండారు అనే స్టాకు రిజిస్టరును నెలకోసారి డైనింగ్ హాల్లో పిల్లల ముందు చదవాలి. మెస్ కమిటీలో తొమ్మిదో తరగతి పిల్లలకూ చోటివ్వాలి. ఈ వాక్యం పెడితే వార్డెన్లకు కోపం వస్తుందని కొందరు మిత్రులు జంకుతున్నారు. రానివ్వండి.