నీరసమా? కండరముల బలహీనతా?

“నీరసముగా నున్నది” అను మాట వినబడని యిల్లు లేదు. రాత్రి నిద్ర లేకున్న నీరసము. జ్వరము తగ్గిన పిమ్మట నీరసము. రక్తము తక్కువైనను, మనసునకు దిగులు కలిగినను నీరసమే. కాలు మడిచి కూర్చున్నవారు లేవలేకపోయినను, చేయి పైకెత్తలేకపోయినను మన మాడు మాట యదియే. అదియైనను ఇంటిపని యంతయు ముగిసిన తరువాత గాని చెప్పము. ఈ నెల మేము ప్రియసోదరీమణులతో ముచ్చటింపదలచినది ఈ యొక్క మాటను గూర్చియే.

అలసట వేఱు, కండరముల బలహీనత వేఱు. అలసినవారు కష్టముతోనైనను పని చేయగలరు. కండరములలో బలము పోలేదు. కండరము బలహీనమైనచో మన మెంత పూనుకొన్నను ఆ యవయవము పూర్తిగా లొంగదు. వైద్యులు దీనిని 0 మొదలు 5 వఱకు అంకెలతో కొలుతురు. కండరమున చలనమే లేనిది 0. అదురు మాత్రమే కనబడునది 1. పక్కమీద అటునిటు జరుపగలిగియు పైకెత్తలేనిది 2. పైకెత్తగలిగియు, వైద్యుడు చేతితో నదిమినచో నిలువలేనిది 3. కొంతవఱకు నిలుచునది 4. సంపూర్ణ బలము గలది 5. రెండవ ప్రపంచయుద్ధ కాలమున, నరములకు గాయములైన వారిని పరీక్షించుటకై ఇంగ్లండునందలి వైద్య పరిశోధన మండలి ఈ కొలతను వ్యాప్తిలోనికి తెచ్చినది. ఈనాటికిని అదియే వాడుకలో నున్నది.

ఈ సంగతి మాకు పట్టుట కొక కారణము గలదు. చిక్కడపల్లి మొదలు అశోక్‌నగర్ వఱకు గల వీథులు ప్రభుత్వోద్యోగ పరీక్షలకు చదువువారితో నిండియుండును. చిక్కడపల్లిలోని నగర కేంద్ర గ్రంథాలయమే వారికి రెండవ యిల్లు. వీరిలో జీవశాస్త్రమో, ఫార్మసీయో చదివిన యాడపిల్లలు కొందఱు మెడికల్ కోడింగు నేర్చి యుద్యోగములలో చేరుచున్నారు. అమెరికా ఆసుపత్రుల వైద్యపత్రములను హైదరాబాదులో కూర్చుండి చదివి, వ్యాధికిని చికిత్సకును తగిన సంకేతాంకమును వేయుట వీరి పని. ఆ యంకెను బట్టియే ఇన్సూరెన్సువారు సొమ్ము చెల్లించుటయో, నిరాకరించుటయో జరుగును.

వ్యాధుల కంకెలు పెట్టుట క్రొత్త కాదు. 1893లో జాక్ బెర్టిలాన్ అను ఫ్రెంచి పండితుడు మరణకారణముల పట్టిక నొకదానిని సమర్పించెను. 1948 నుండి ఆ భారమును ప్రపంచ ఆరోగ్య సంస్థ వహించుచున్నది. దాని పదవ కూర్పును అమెరికావారు తమ కనువుగా మార్చుకొని 2015 అక్టోబరు 1 నుండి వాడుచున్నారు. అందు ఉత్త నీరసమునకు ఆర్ 53.1; అలసటకు ఆర్ 53.83, ఒళ్లంతటి కండరముల బలహీనతకు ఎం 62.81, వయసుతో కండ తరిగిపోవుటకు ఎం 62.84. నీరసపు అంకెను, కండరముల బలహీనత అంకెను ఒక్కచోట కలిపి వేయరాదని నియమము. అవి రెండును వేఱని యా గ్రంథమే చెప్పుచున్నది.

నారాయణగూడలో మా పొరుగింటి పిల్ల యీ పనియే చేయుచున్నది. “వైద్యుడు నీరసమని వ్రాసి యూరకున్నచో, లక్షణములను బట్టి నీవే సరియైన యంకె వేయరాదా?” యని మే మడిగితిమి. “అట్లు చేయరాదు పిన్నిగారూ! సందేహ మున్నచో వైద్యునికి ప్రశ్న వ్రాసి పంపవచ్చును గాని, మేము ఊహింపరాదు. కాగితమున లేని జబ్బు మాకు లేనట్లే” యని యామె బదులు చెప్పినది. పక్షవాతమైనచో ఏ వైపు వచ్చినదో, రోగి కుడిచేతివాటము వారో ఎడమచేతివాటము వారో కూడ తెలియవలెనట. పని చేయు చేయి పడిపోవుటకును, రెండవ చేయి పడిపోవుటకును అంకెలు వేఱు. అన్నము కలుపు చేయి పోయినచో సంసార మెట్లుండునో ఇల్లాండ్రకు వేఱుగ చెప్పవలెనా?

అమెరికా కాగితములతో మనకేమి పని యందురేమో. మన కేసు కాగితము కూడ మనతో రెండవ వైద్యునియొద్దకును, ఇన్సూరెన్సు కచేరికిని పోవును. ఆ కాగితమునకు మూలము మన నోటిమాటయే. “నీరసము” అన్నచో నీరసమనియే వ్రాయబడును. టానిక్కు సీసాతో ఇంటికి వత్తుము. “పీటమీదనుండి గోడ పట్టుకొనక లేవలేకున్నాను, జడ వేసికొనుటకు చేతులు పైకెత్తలేకున్నాను” అన్నచో వైద్యుడు భుజములను, తొడలను పరీక్షించి చూచును. థైరాయిడు లోపము, డి విటమిను లోపము, కొవ్వు తగ్గించు కొన్ని మాత్రలు ఇట్టి బలహీనతను కలిగింపవచ్చును. సాయంకాలమునకు ఱెప్పలు వాలిపోవుట, నమలుచుండగా దవడ సోలుట వేఱొక వ్యాధికి గుర్తులు.

కావున వైద్యునియొద్దకు పోవుటకు ముందు ఒక చీటిమీద వ్రాసికొనవలయును: ఎప్పుడు మొదలైనది, ఏ యవయవము, ఒక వైపా రెండు వైపులా, ఏ పని చేయలేకున్నాము, ఏ వేళ హెచ్చగుచున్నది, ఏ మందులు వాడుచున్నాము. వచ్చునపుడు కాగితమున నేమి వ్రాసిరో యడిగి తెలిసికొనవలయును.

ఒక్క సందర్భమున మాత్రము చీటికై ఆగరాదు. హఠాత్తుగా ఒక చేయి, కాలు పట్టు తప్పినను, మూతి వంకరపోయినను, మాట తడబడినను వెంటనే 108కి ఫోను చేయవలెను. గడ్డను కరిగించు మందు సాధారణముగా నాలుగున్నర గంటలలోపుననే ఇయ్యవలసి యుండును గనుక, ఎప్పుడు మొదలైనదో గడియారము చూచి జ్ఞాపకముంచుకొని వైద్యునికి చెప్పవలయును.

బియ్యము నిండుకొన్నచో “సరుకులు లేవు” అని యూరకుందుమా? ఎన్ని శేర్లు కావలయునో లెక్క చెప్పుదుము. మన దేహమును గూర్చియు అట్లే లెక్కగా చెప్పుట నేర్చుకొందము.