వేసవి సెలవులు – సామాన్య కుటుంబము

వేసవి సమీపించినదనగానే మన పట్టణములలోని మధ్యతరగతి గృహములందొక క్రొత్త చింత పొడచూపుచున్నది. పూర్వము ఎండకాలమున బిడ్డలను తాతగారి యూరికి పంపుట యెట్లను ప్రశ్న యొక్కటే యుండెడిది. నేడు ‘ఏ రిసార్టునకు పోవుదము?’ అను ప్రశ్న తలయెత్తినది. నీలికొలనులు, పచ్చిక బయళ్లు గల ప్రకటనలను చూచి పిల్లలు మారాము చేయుదురు. ప్రక్కయింటివారు పోయివచ్చి ఛాయాపటములు చూపుదురు. గుమాస్తాయో, ఉపాధ్యాయుడో, చిన్న వర్తకుడో అయిన గృహస్థు నెలజీతమును మూడు రాత్రుల కప్పగించి, చాలనిదానిని అప్పు తెచ్చి, వాయిదాలు ఏడాదిపొడుగునను తీర్చుకొనుచున్నాడు. విశ్రాంతికై పోయినవాడు ఋణముతో తిరిగి వచ్చుచున్నాడు.

ఇది యింటి వ్యవహారమే గాని పత్రికల కెక్కదగిన విషయము కాదని కొందరనవచ్చును. మా యభిప్రాయ మట్లు గాదు. ఒక జాతి తన కష్టకాలమును గడుపు విధమువలెనే విశ్రాంతికాలమును గడుపు విధమును విచారింపదగినది. సెలవులలో బిడ్డలు దేనిని చూతురో, ఎవరితో కలసి మెలగుదురో, దానినిబట్టియే వారు పెద్దవారైన పిదప ఈ దేశమును తమదిగా నెంచుటయో, దారిప్రక్కన కనబడు దృశ్యముగా మాత్ర మెంచుటయో సంభవించును.

ధనవంతులు తమ ధనమును తమ యిచ్చవచ్చినట్లు వెచ్చించుటకు మా కభ్యంతరము లేదు. సెలవనగా నది యొక్కటియే యను భ్రమ సామాన్యుల మనస్సులలో నాటుకొనుచుండుటయే మా యభ్యంతరము. ఆ విడుదులలో విక్రయింపబడునదేమి? ఎత్తైన గోడ, చల్లని గది, నీటికొలను, బల్లలపై పరచిన నానావిధ భోజనము. గోడకావలనున్న యూరి పేరు బిడ్డలకు తెలియదు. ఆ యూరివారు లోపల సేవకులుగా తప్ప కానరారు. కొలనులో నొక గంట యీదిన తరువాత పిల్లలు సెల్‌ఫోనులలో మునుగుదురు. తండ్రియు నట్లే చేయును. ఇంటికడ చేయునదానినే అధిక వ్యయమునకు అన్యస్థలమున చేసి రావలసిన యగత్యమేమి?

అయినను ఒక్క విషయమున ఈ విడుదుల పక్షమున న్యాయము పలుకవలసియున్నది. ఇల్లాలికి వంటయింటినుండి నాలుగు దినములు విముక్తి కలుగుచున్నది. తక్కువ వ్యయముతో సెలవు గడపుడని బోధించు పెద్దలు తరచుగా ఈ సంగతిని మరతురు. తల్లి యొకతె పొయ్యి రాజేయగా తక్కినవారు ప్రకృతి సౌందర్యమును చూచుట సెలవు గాదు. అది వంటయింటిని కొండపైకి మోసికొనిపోవుట మాత్రమే. కావున మేము చెప్పబోవు పద్ధతి కిది మొదటి నియమముగా నుండవలెను: పనిని అందరును పంచుకొనవలెను. నీరు తెచ్చుట, కూరలు తరుగుట, పాత్రలు కడుగుట తండ్రియు కొడుకులును నేర్చిన యెడల, ఆ సెలవు ముగిసిన పిదప గూడ ఇంటికి మేలు కలుగును.

విశ్రాంతి ధనికుల సొత్తు గాదని చట్టమే చెప్పుచున్నది. మన రాజ్యాంగము 43వ అధికరణమున శ్రామికులకు జీవనభృతితోబాటు విరామమును, సాంఘిక సాంస్కృతికావకాశములను పూర్ణముగా ననుభవించు నవకాశమును కల్పింప ప్రభుత్వము యత్నింపవలెనని నిర్దేశించినది. 1948లో ఐక్యరాజ్యసమితి ప్రకటించిన మానవహక్కుల పత్రము 24వ అధికరణమున జీతముతోగూడిన సెలవును మానవుని హక్కుగా పేర్కొన్నది. ఆ సంవత్సరముననే మన ఫ్యాక్టరీల చట్టము, వయోజనునకు ఇరువది దినముల పని కొక దినము చొప్పున జీతముతో సెలవు నిచ్చినది. ఇట్లు దినములు లభించినవి. ఆ దినములను కుటుంబముతో గడపుటకు తగిన చోటు మాత్రము లభింపలేదు. హక్కు కాగితముపై నున్నది. గది తాళము ధనవంతుని చేతిలో నున్నది.

ప్రయాణము మన జాతికి క్రొత్త గాదు. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే నెలలో చెన్నపట్టణమునుండి బయలుదేరి, కుటుంబముతోను పరివారముతోను కాశికి పోయి, 1831 సెప్టెంబరులో తిరిగి వచ్చిరి. దారిలోని యూళ్లు, నదులు, పంటలు, ధరలు, జనుల యాచారములు ఆయన వ్రాసి యుంచుటచేతనే నేడు మన కొక యమూల్య గ్రంథము దక్కినది. చూచినదానిని వ్రాసికొనుట, దారిలోనివారితో మాటలాడుట, నడచుట – ఈ మూడును మన పూర్వుల యాత్రలో నుండెడివి. దాతలు బాటల పొడుగునను సత్రములు కట్టించి బాటసారుల కన్నము పెట్టిరి. కాని యా సత్రములలో ననేకములకు కులము వాకిటి కావలి యైనది. నేటికిని కొన్ని పుణ్యక్షేత్రములలో గది యడిగినవానిని మొదట నడుగు ప్రశ్న ‘మీరెవరు?’ అనునదియే. అన్నదాన పుణ్యము కట్టుకొనదలచిన ధర్మకర్తలు ఆ ప్రశ్నను మానుకొనవలెను. ఏ కులమువారికైనను, ఏ మతమువారికైనను శుభ్రమైన చాప, నీరు, దీపము దొరకు సత్రమే నేటి ధర్మసత్రము.

ఈ సమస్యను ఇతర దేశములవారెట్లు పరిష్కరించిరో చూతము. జర్మనీ దేశమున రిచర్డు షిర్మన్ అను బడిపంతులు 1909లో తన విద్యార్థులతో కాలినడకన పోవుచు, గాలివాన వచ్చుటచే నొక పాఠశాలలో రాత్రి తలదాచుకొనెను. సెలవులలో ఖాళీగా పడియుండు బడులను బాటసారులైన పిల్లలకు విడుదులుగా నేల యీయరాదను తలంపు ఆయనకు నాడు కలిగినది. 1912లో ఆల్టెనా కోటలో స్థిరమైన యువజన వసతిగృహము వెలసెను. ఆ తలంపు లోకమంతటను వ్యాపించినది. 1930లో ఇంగ్లండునందును సంఘ మేర్పడినది. మన దేశమునను యువజన వసతిగృహముల సంఘము పనిచేయుచున్నది; సికిందరాబాదు, విశాఖపట్టణము వంటి నగరములలో నట్టి గృహములును గలవు. కాని మన గృహస్థులలో వాని పేరు విన్నవారు కొద్దిమంది. అవి కళాశాల విద్యార్థులకు మాత్రమే యను నపోహ పలువురకు గలదు.

ఇక తెలుగుదేశమున నిట్టి సెలవునకు తగిన చోట్లు లేవా? కావలసినన్ని కలవు. నాగార్జునసాగరమును చూడుడు. ఇక్ష్వాకుల రాజధానియైన విజయపురి నిలిచిన లోయను జలాశయము ముంచివేయునని తెలిసి, 1954 మొదలు 1960 వరకు త్రవ్వకములు జరిపిరి; అచట దొరకిన శిల్పములను కొండపై భద్రపరచిరి. ఆ కొండయే నేడు ద్వీపమై లాంచీలో పోవు చోటైనది. ఒడ్డున అనుపు అను చోట ప్రాచీన విహారములను, రంగస్థలమును తిరిగి నిర్మించి యుంచిరి. ఆ రంగస్థలపు మెట్లపై కూర్చుండి బిడ్డ యొకడు క్రింద పద్యము చదువగా వినుడు. ఎత్తిపోతల జలపాతమునొద్ద నొక పూట గడపుడు. ఆనకట్టను చూపి, 1955లో నెహ్రూగారు దీనికి శంకుస్థాపన చేసిరని చెప్పుడు. చరిత్ర, నీటి పారుదల, శిల్పము – మూడు పాఠములు మూడు దినములలో పాఠ్యపుస్తకము లేకయే వచ్చును.

మరియొకటి, విశాఖపట్టణమునుండి అరకులోయకు పోవు రైలు. ఇనుప ఖనిజమును రేవునకు చేర్చుటకై కట్టిన కొత్తవలస–కిరండూలు మార్గమది; దానిపై మొత్తము 58 సొరంగములు గలవు. పిల్లలు కిటికీకడ కూర్చుండి వానిని లెక్కించుచు పోవుటకంటె గొప్ప వినోదమును ఏ రిసార్టు వారును కల్పింపలేదు. ఎండకు వెరచువారు నంద్యాల జిల్లాలోని బెలుము గుహలకు పోవచ్చును. మూడు కిలోమీటర్లకు మించిన ఆ గుహలను నీటి ప్రవాహమే సున్నపురాతిలో తొలిచినది. చేతిపనులయందు అభిరుచి గలవారు కొండపల్లిలో పొణికి కర్ర బొమ్మగా మారుటను, ఏటికొప్పాకలో అంకుడు కర్రకు లక్కరంగు పట్టించుటను, పోచంపల్లిలో నూలును ముందుగానే కట్టి రంగులో ముంచి, మగ్గముపై నేయునప్పుడు చిత్రము తేల్చు నేర్పును చూడవచ్చును. చూచుట మాత్రము చాలదు. కారిగరునకు తగిన ప్రతిఫల మిచ్చి, ఒక పూట కూర్చుండి పిల్లలచేత చేయింపవలెను. వంకరగా నైనను తాను చేసిన బొమ్మను బిడ్డ జీవితాంతము దాచుకొనును. ఆ బొమ్మ ధరను బేరమాడి తగ్గించు నలవాటును తండ్రియు నాడే మానుకొనును.

కాలము విషయమున గూడ వివేకము వలయును. రోహిణీకార్తె యెండలలో పసిబిడ్డలను కోటలవెంట త్రిప్పుట సాహసము గాదు, అవివేకము. వేసవిలో కొండప్రాంతములు, గుహలు, సముద్రతీరము తగినవి. ఉదయ సాయంకాలములే సంచారమునకు అనుకూలములు. కోటలు, శిథిలములు, కాలినడకలు దసరాకును సంక్రాంతికిని ఉంచుకొనుట మేలు. నీటిజాగ్రత్త మరియు ముఖ్యము. 2014 జూనులో హైదరాబాదు విద్యార్థులు ఇరువదినలుగురు హిమాచలప్రదేశమున బియాసు నదిలో, ఎగువ ఆనకట్టనుండి వదలిన నీటికి బలియైరి. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు వద్ద గోదావరిలో విహారపు పడవ మునిగి యాభైమంది వరకు ప్రాణములు గోల్పోయిరి. చౌకదనము పేర ప్రాణరక్షణ కవచము లేని పడవ నెక్కరాదు. కవచము లేని పడవను కదలనిచ్చు నధికారి శిక్షార్హుడు.

అరకువంటి చోట్లకు పోవువారు మరియొక సంగతి మరువరాదు. అది గిరిజనుల భూమి. 1970 నాటి ఒకటవ రెగ్యులేషను ప్రకారము షెడ్యూలు ప్రాంతములలోని భూమి గిరిజనేతరులకు బదిలీ కారాదు. బొర్రా ప్రాంతపు గనుల కౌలుపై నడచిన సమతా వ్యాజ్యమున, 1997లో సుప్రీముకోర్టు వారు అచటి ప్రభుత్వ భూములను సైతము గిరిజనేతర కంపెనీలకు కౌలు కీయరాదని తీర్పు చెప్పిరి. కావున అట్టి చోట్ల బినామీ పేరులతో లేచు విలాసభవనమున దిగువాడు, తెలిసియో తెలియకయో, ఒక యన్యాయమునకు అద్దె చెల్లించుచున్నాడు. గిరిజన కుటుంబము తన యింటనే యిచ్చు గదిలో దిగి, వారి రాగిసంకటియే తిని, తగిన సొమ్ము వారి చేతికే ఇచ్చుట ధర్మము. వారి నృత్యము మన మడిగినప్పుడెల్ల ఆడుటకు గాదు. వారి బిడ్డలు మన ఛాయాపటములకు బొమ్మలు గారు. మనము తెచ్చిన ప్లాస్టికు సీసాలను మనమే తిరిగి తీసికొనిపోవలెను.

ప్రభుత్వమును మేము కోరునవి మూడు. మొదటిది పన్ను విషయము. రోజుకు వేయి రూపాయల లోపు అద్దె గల గదులకు పూర్వము వస్తుసేవల పన్ను లేకుండెను. 2022 జూలై 18 నుండి ఆ మినహాయింపును తొలగించి 12 శాతము విధించిరి. 2025 సెప్టెంబరు 22 నుండి దానిని 5 శాతమునకు తగ్గించిరి, సంతోషమే. కాని ఏడువేల యైదువందల రూపాయల గదికిని ఐదువందల రూపాయల గదికిని ఒకే రేటు విధించుట న్యాయమని మాకు తోచదు. పేదవాని గదికి పూర్వపు మినహాయింపును తిరిగి కల్పింపవలెను. రెండవది, సెలవులలో తాళము వేసియుండు ప్రభుత్వ పాఠశాలలను, వసతిగృహములను కుటుంబములకు స్వల్ప రుసుముపై విడుదులుగా నీయవలెను. షిర్మన్ పంతులుగారి తలంపునకు ధనము కంటె తాళపుచెవియే యెక్కువ యవసరము. ఆ రుసుముతో ఆ బడికే మరుగుదొడ్లు, త్రాగునీరు బాగుచేయింపవచ్చును. మూడవది, ప్రతి జిల్లాయందును కాలినడక బాటలు, చూడదగిన చోట్లు, చౌక వసతులు తెలుపు చిన్న పుస్తకమును తెలుగున ముద్రింపవలెను.

ప్రభుత్వము చేయువరకు కాచుకొని యుండవలసిన పని లేదు. ఒక వీథిలోని నాలుగు కుటుంబములు కూడి, బియ్యము పప్పులు పంచుకొని, ప్యాసింజరు రైలెక్కి, మూడు దినములు తిరిగి రావచ్చును. గ్రంథాలయములు, ఉపాధ్యాయ సంఘములు, యువజన సంఘములు ఇట్టి యాత్రలను నడపుటకు పూనుకొనిన యెడల, ఒంటరిగా పోవ సాహసింపని కుటుంబములకును ధైర్యము గలుగును. బిడ్డలచేత ప్రతిరాత్రి దినచర్య వ్రాయింపుడు. వారు చూచిన చెట్టు పేరు, పక్షి పేరు, తాము మాటలాడిన వృద్ధుని మాట అందులో నుండవలెను.

మన బిడ్డలకు నీటికొలను చూపలేకపోతిమని సామాన్యులు సిగ్గుపడ నవసరము లేదు. తమ జిల్లాలోని యేరు ఎచట పుట్టి యెచట కలియునో బిడ్డకు చూపలేకపోయినచో అదియే సిగ్గుపడదగిన విషయము. ఈ వేసవిలో ఆ యేటి గట్టునుండియే మన ప్రయాణము ఆరంభమగుగాక.