ఆ కాగితం ఎవరి చేతికివ్వాలి?

మా వదినకి బ్లడ్ క్యాన్సర్ అని తేలిన రోజు డాక్టరుగారు వరండాలోకి పిలిచింది మా అన్నయ్యనీ, వదిన తమ్ముణ్ణీ. వదిన మంచం మీద కూర్చుని తలుపు వైపే చూస్తోంది. జబ్బు ఆవిడది, కబురు మగవాళ్లకి! లోపలికొచ్చి అన్నయ్య "ఏం లేదు, రక్తం తక్కువుందట" అన్నాడు. ఇద్దరు పిల్లల్ని పెంచి పెద్దచేసిన మనిషి ఆ మాట నమ్ముతుందా?

ఆ తర్వాత దొరికినదల్లా చదివాను. డిగ్రీ అయ్యాక జీన్స్ అంటే మా అమ్మాయి వేసుకునే ప్యాంటే గుర్తొచ్చేది నాకు! మన ఒంట్లో దాదాపు అన్ని కణాల్లోనూ అవే జన్యువులు. వంటింట్లో డబ్బాలన్నీ ఉన్నా, ఏ డబ్బా మూత తీశామన్నదాన్ని బట్టే కదా ఆ పూట వంట. ఇదీ అంతే. ఏ జన్యువు ఎంత పనిచేస్తోందో కొలిచి, 1999లో అమెరికాలో టాడ్ గోలబ్ బృందం రెండు రకాల ల్యుకేమియాలను వేరుచేసి చూపించింది. పెద్దవాళ్లకొచ్చే అక్యూట్ మైలాయిడ్ ల్యుకేమియాలో ఎవరికి జబ్బు లొంగుతుందో, ఎవరికి మొండికేస్తుందో ఈ కొలతలతో కొంత ముందే చెప్పొచ్చని 2004లో పరిశోధనలొచ్చాయి. 2016లో టొరంటో శాస్త్రవేత్తలు 17 జన్యువులతో ఒక స్కోరే తయారుచేశారు. అది ఎక్కువుంటే మామూలు కీమోకి జబ్బు సరిగా లొంగదన్నమాట. ఆస్పత్రుల్లో ఎక్కువగా చూసేది మాత్రం క్రోమోజోముల్లో, జన్యువుల్లో వచ్చిన మార్పుల్నే. వాటిని బట్టి ప్రమాదాన్ని తక్కువ, మధ్యరకం, ఎక్కువ అని మూడు తరగతులు చేస్తారు.

ఈ తరగతులెందుకు? వైద్యం ఎంచుకోవడానికి. ప్రమాదం ఎక్కువైతే, కీమోకి జబ్బు అణగగానే మూలుగ మార్పిడికి సిద్ధపడాలని. కానీ మా ఇంట్లో ఏమైంది? వదిన రిపోర్టులో 'ఎక్కువ' అని రాగానే ఒక పెద్దాయన, "ఎలాగూ దక్కనప్పుడు పొలం అమ్మడమెందుకు?" అన్నారు. తన తమ్ముడి గుండె ఆపరేషన్‌కి స్థలం అమ్మినప్పుడు మాత్రం ఆయన ఎవర్నీ శాతాలడగలేదు. ఆడమనిషి దగ్గరికొచ్చేసరికి ఎక్కడలేని లెక్కలూ గుర్తొస్తాయి కాబోలు!

అసలు ఆ లెక్క వందమందిది. అందులో మా వదిన ఏ వైపుందో అది చెప్పదు. పైగా మందు మారితే లెక్కా మారుతుంది. ప్రోమైలోసైటిక్ ల్యుకేమియా ఒకప్పుడు రోజుల్లో ప్రాణం తీసేది. 1980లలో చైనా వైద్యులు విటమిన్-ఎ సంబంధమైన మందు వాడి దారి చూపించారు. తర్వాత పాషాణం కూడా తోడైంది, అవును, విషమే! ఇప్పుడు ల్యుకేమియాల్లో బాగా నయమయ్యేవాటిలో అదొకటి.

డాక్టరుగార్లకి నా మనవి ఒక్కటే. ఆ కాగితం ముందు రోగి చేతికివ్వండి. ఎవర్ని పక్కన కూర్చోబెట్టుకోవాలో ఆవిడే చెబుతుంది. భయపడుతుందంటారా? దాచిపెడితే మాత్రం భయపడదా?

ఆఖరికి నేనే ఉన్నదున్నట్టు చెప్పేశాను. అన్నయ్యకి నా మీద కోపమొచ్చింది, వచ్చినా సరే. వదిన కాసేపు మాట్లాడలేదు. రిపోర్టు రెండుసార్లు చదివింది. ఆ రోజు వరండాలోకెళ్లిన తమ్ముణ్ణే పిలిచి, "నీ మూలుగ నాకు సరిపోతుందేమో పరీక్ష ఎప్పుడు చేయించుకుంటావురా?" అంది.